జవాబు రాని గంటలు

ద్వారక, కొత్త ఢిల్లీ

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు పంపిన పరిశోధన ప్రతిపాదన నిదానంగా చదివాను. గురుగ్రామ్, నోయిడాల్లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లూ, కుట్టు ఫ్యాక్టరీలకి వెళ్లే ఆడవాళ్లూ రోజంతా ఎలా గడుపుతున్నారో స్మార్ట్‌ఫోన్ ద్వారా తెలుసుకోవాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. రోజుకి ఆరుసార్లు ఫోన్‌లో గంట మోగుతుంది. మోగినప్పుడల్లా ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, పక్కన ఎవరున్నారు, మనసెలా ఉంది అని నాలుగు ప్రశ్నలు. ఇలా వారం రోజులు. అంతవరకూ బాగానే ఉంది. అయితే చివరి పేజీల్లో ఒకచోట, జవాబు రాని గంటల్ని విశ్లేషణలోంచి తీసేస్తామని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ వాక్యం కోసమే రాస్తున్నాను. మిగతా విషయాలు దానివెంట వస్తాయి.

ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో నీకు తెలుసు. అయినా ఒకసారి గుర్తుచేస్తాను, ఎందుకంటే నా అభ్యంతరం అక్కడినుంచే మొదలవుతుంది. 1970ల్లో చికాగోలో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, రీడ్ లార్సన్ అనే పరిశోధకులు మనుషులకి పేజర్లు ఇచ్చి, అవి ఎప్పుడు మోగితే అప్పటి పని, అప్పటి మనఃస్థితి కాగితం మీద రాయించారు. సాయంత్రం కూర్చోబెట్టి అడిగితే మనిషి రోజుని సర్దుకుని చెబుతాడు, పెద్ద సంఘటనలు మిగిలి చిన్నవి జారిపోతాయి, అందుకని జరుగుతున్నప్పుడే పట్టుకోవాలని వాళ్ల ఉద్దేశం. అదే లార్సన్‌తో కలిసి సుమన్ వర్మ గారు 1990ల్లో చండీగఢ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు వందమందితో ఈ పని చేయించారు. చదువు పని పిల్లలు మెలకువగా ఉన్న సమయంలో మూడోవంతు తినేస్తోందని, ఆ పనిలో ఉన్నప్పుడే వాళ్ల మనసు ఎక్కువగా కుంగుతోందని తేలింది. మన దేశంలో ఈ పద్ధతి పనికొస్తుందని చూపిన అధ్యయనాల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. నీ రిఫరెన్సుల్లో అమెరికా పేపర్లు బారులు తీరి ఉన్నాయి, సుమన్ వర్మ గారి పేరు ఎక్కడా లేదు. చేర్చు.

ఇక స్మార్ట్‌ఫోన్ వచ్చాక 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ సైన్స్ పత్రికలో అచ్చువేసిన పేపరుని నువ్వు బాగా వాడుకున్నావు. 2,250 మంది పెద్దవాళ్ల మీద చేసి, మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 47 శాతం మనసు చేస్తున్న పని మీద ఉండదని చెప్పారు. గొప్ప పేపరే. కానీ అందులో ఉన్నవాళ్లు ఆనాడు ఐఫోన్ కొనుక్కుని, తమంతట తామే యాప్ దింపుకున్నవాళ్లు. ఫోన్ వాళ్లది, జేబు వాళ్లది, మోగినప్పుడు ఒక నిమిషం ఆగగలిగే వెసులుబాటు కూడా వాళ్లదే. నువ్వు అడగబోయే ఆడవాళ్లకి ఈ మూడింట్లో ఎన్ని ఉన్నాయో ముందు తేల్చుకో.

రోజువారీ జీవితాన్ని లెక్కగట్టడం మన ప్రభుత్వానికీ కొత్త కాదు. 1998–99లో హర్యానా సహా ఆరు రాష్ట్రాల్లో సమయ వినియోగ సర్వే ప్రయోగాత్మకంగా జరిగింది. ఆ తర్వాత 2019లో, మళ్లీ 2024లో దేశమంతటా చేశారు. ఎన్యూమరేటర్ ఇంటికి వెళ్లి, ముందురోజు తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంట అరగంట చొప్పున అడిగి రాసుకుంటారు. 2019లో సొంత ఇంటి పని చేశామని చెప్పిన ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. 2024కి అవి 289, 88 అయ్యాయి. అసలు ఆ పని చేశామన్న మగవాళ్లే 2019లో నూటికి 26 మంది. ఈ అంకెలు లేకపోతే ఇంటి చాకిరీ గురించి మనం గాలిలో మాట్లాడేవాళ్లం. అయితే ఆ అరగంటల గళ్లలో పట్టనిది ఒకటుంది. నీళ్ల ట్యాంకరు కోసం నిలబడ్డ అరగంట 'నీళ్లు తేవడం' అని పడుతుంది. అది వస్తుందో రాదోనన్న ఆదుర్దా, ఆలస్యమైతే కోఠీలో, అంటే పనిచేసే ఇంట్లో, మేడమ్ ఏమంటుందోనన్న బెదురు ఏ గడిలోనూ పడవు. నీ ఫోన్ పట్టాల్సింది దాన్నే. పట్టగలదు కూడా. అందుకే నీ పని మీద నాకింత ఆశ.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వస్తాను.

ఇళ్లలో పనిచేసే ఒక మనిషి రోజు ఎలా ఉంటుందో ఊహించు. ఊహించడం కాదు, వెళ్లి చూడు. తెల్లవారకముందే లేస్తుంది. ట్యాంకరు నీళ్ల మీద ఆధారపడే సంగమ్ విహార్ లాంటి చోట ఉంటే నీళ్లతోనే రోజు మొదలు. పిల్లలకి డబ్బా కట్టి, ఏడున్నరకల్లా మొదటి కోఠీలో గిన్నెల ముందు ఉంటుంది. చేతులు సబ్బు నురగలో ఉంటాయి. ఫోన్ సంచిలో, సంచి గుమ్మం పక్కన. చాలా ఇళ్లలో పనిలో ఫోన్ తీస్తే ఊరుకోరు కాబట్టి సైలెంట్‌లో పెట్టుకుంటుంది. మూడు నాలుగు ఇళ్లు తిరిగేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఇంటికొచ్చి కాస్త నడుం వాలుస్తుంది. నాలుగింటికి మళ్లీ రెండో విడత. రాత్రికి ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది, లేదా భర్త చేతిలో. ఫ్యాక్టరీ అమ్మాయిల సంగతి ఇంకా తేలిక. లైన్ మీద ఫోన్ ఉండనివ్వని చోట అది గేటు దగ్గరో లాకర్లోనో ఉండిపోతుంది. షిఫ్టు మొత్తం నీకు మౌనమే.

అంటే నీ ఆరు మోతల్లో వేటికి జవాబు వస్తుంది? మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మోగినవి. ఆవిడ ఇంట్లో ఉంది, ఒంటరిగా ఉంది, పడుకుని ఉంది, మనసు పరవాలేదు. మిగతావి తీసేసి సగటు కడితే ఏమొస్తుందో చూశావా? గురుగ్రామ్‌లో పనిమనిషి రోజంతా విశ్రాంతిగా, స్థిమితంగా ఉన్నట్టు వస్తుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు. నీ యాప్ సరిగ్గానే పనిచేసింది. ఆవిడ కూడా నిజాయితీగానే నొక్కింది. అయినా నీ పేపర్ ఆవిడ జీవితాన్ని తలకిందులుగా చూపిస్తుంది. ఆ పేపర్ పట్టుకుని రేపు ఎవరో ఒక అధికారి ఈ పనికి సెలవు దినం అక్కర్లేదని రాస్తాడు. మనం రాసిన అంకెలు మన చేతిలో ఉండవమ్మా.

జవాబు రాని గంటలు చెదురుమదురుగా పడితే తీసేసినా పెద్ద నష్టం లేదు. కానీ అవి చెదురుగా పడవు. రోజులో అత్యంత కష్టమైన వేళలేవో సరిగ్గా వాటి మీదే పడతాయి. నీ పాఠ్యపుస్తకంలో దీనికి పెద్ద పేరే ఉంది. ప్రతిపాదనలో కూడా ఆ మాట వాడావు, తర్వాత దాన్ని పట్టించుకోలేదు.

ఏం చెయ్యాలంటావా? ప్రతి మోతకీ మూడు సంగతులు విడివిడిగా నమోదు చెయ్యి: ఫోన్‌కి అది చేరిందా, చేరితే తెరిచారా, తెరిస్తే పూర్తి చేశారా. చేరకపోవడం నెట్‌వర్కు కథ, తెరవకపోవడం ఆవిడ రోజు కథ. ఈ రెండింటినీ ఒకే డబ్బాలో వెయ్యకు. చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు వెనకాల నడిచే యాప్‌ని తనంతట తానే ఆపేస్తుంది. అలాంటప్పుడు మోత అసలు వినబడదు. ఫోన్ ఇచ్చేటప్పుడో యాప్ ఎక్కించేటప్పుడో ఆ సెట్టింగు నీ మనిషి స్వయంగా చూసి మార్చాలి. కొన్నాళ్లకి ఫొటోలతో మెమరీ నిండిపోయి, మొదట తీసేసేది నీ యాప్‌నే అని కూడా గుర్తుంచుకో.

తెరవని గంటల కోసం రాత్రి ఒక మనిషి ఫోన్ చెయ్యాలి. యాప్ కాదు, ఆవిడ భాష మాట్లాడే ఒక ఆడమనిషి. 'పొద్దున ఎనిమిదిన్నరకి ఏం చేస్తున్నావు, అప్పుడెలా అనిపించింది' అని ఆ ఒక్క ముక్కే అడగాలి. 2004లో కానెమన్, క్రూగర్ తదితర పరిశోధకులు టెక్సాస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది ఆడవాళ్ల చేత ముందురోజుని ఘట్టాలుగా విడదీయించి, ఒక్కో ఘట్టంలో మనసెలా ఉందో రాయించారు. ఆ పద్ధతి సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. అక్కడికక్కడే వచ్చిన జవాబునీ, రాత్రి గుర్తుతెచ్చుకుని చెప్పినదాన్నీ కలిపేయకు, పక్కపక్కన పెట్టి చూపించు. ఏ గంటకి ఎంతమంది పలికారో తెలిపే పట్టిక పేపర్ ముందు పేజీల్లోనే ఉండాలి. అనుబంధంలో దాచితే ఎవరూ చూడరు.

రివ్యూ చేసేవాళ్లు స్పందన శాతం ఎంత అని అడుగుతారని నీకు భయం ఉందని తెలుసు. ఆ అంకె పెంచడానికి పలకనివాళ్లని మొదటి రెండు రోజుల్లోనే జాబితాలోంచి తప్పించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నువ్వు ఆ దారి తొక్కకు. తొంభై శాతం పలికే వందమంది కన్నా, యాభై శాతం పలికి, మిగతా యాభై ఎందుకు పలకలేదో తెలిసిన వందమందే నాకు ముఖ్యం.

రెండో మాట, మనుషుల్ని ఎలా ఎంచుకుంటావన్నది. వాట్సాప్ గ్రూపుల్లో లింకు తిప్పుతానన్నావు. వద్దు. మన ఢిల్లీలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఐపీ ఎస్టేట్‌లోని ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థలో నేషనల్ డేటా ఇన్నోవేషన్ సెంటర్ ఉంది కదా, సోనాల్డే దేశాయ్ గారి నాయకత్వంలో నడిచేది. వాళ్లు 2019లో ఢిల్లీ మెట్రోపాలిటన్ ఏరియా స్టడీ పేరుతో జాతీయ రాజధాని ప్రాంతం (ఎన్‌సీఆర్) అంతటా, పల్లెల్లోనూ పట్నాల్లోనూ, వేల ఇళ్లకి స్వయంగా వెళ్లారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడింది. దేశంలో ఎవరూ గుమ్మం దాటలేని రోజుల్లో, ఏప్రిల్ 3 నుంచి 6 లోపల, వాళ్లు దాదాపు 1,750 మందితో ఫోన్‌లో మాట్లాడి కరోనా గురించి ఎన్‌సీఆర్ ప్రజలు ఏమనుకుంటున్నారో, ఆదాయాలు ఎలా ఉన్నాయో లెక్క బయటపెట్టగలిగారు. ఆ తర్వాత మరో మూడు విడతలు చేశారు, చివరిది 2020 డిసెంబరు, 2021 జనవరి నెలల్లో. అది మామూలు ఫోన్ కాల్స్‌తో చేసిన సర్వే, నీలాగా యాప్‌తో కాదు. అయినా నువ్వు నేర్చుకోవాల్సింది అందులోనే ఉంది. అంత త్వరగా చెయ్యగలగడానికి కారణం, ఆ ఇళ్లకి ఏడాది ముందే మనుషులు వెళ్లి కూర్చుని ఉండడం. ఎవరింట్లో ఎంతమంది, ఎవరి నంబరు ఎవరిది, ఎవరికి ఎంత భూమి, ఏ పని, అన్నీ చేతిలో ఉన్నాయి. కాబట్టి ఫోన్ ఎత్తనివాళ్లు ఎలాంటివాళ్లో కూడా వాళ్లకి తెలుసు. లింకు తిప్పితే నీకు పలికినవాళ్లే తెలుస్తారు.

కంప్యూటర్ చేత నంబర్లు ఎంపిక చేయించి ఫోన్ చేసే పద్ధతీ ఇక్కడ నడిచింది. డయాన్ కాఫీ, అమిత్ థోరాత్ తదితర పరిశోధకులు 2016లో ఢిల్లీతో మొదలుపెట్టిన శారీ (SARI) సర్వే కుల వివక్ష, ఆడవాళ్ల స్థితి లాంటి చిక్కు ప్రశ్నలు ఫోన్‌లోనే అడిగింది. ఎత్తినవాళ్లనే అడిగేసి ఊరుకోలేదు. ఇంట్లో పెద్దవాళ్ల జాబితా తీసుకుని అందులోంచి ఒకరిని ఎంచుకున్నారు. ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడారు. ఆ క్రమశిక్షణ నీకూ కావాలి. ఒక చిక్కు మాత్రం గుర్తుపెట్టుకో. టెలికాం లెక్కలో గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, ఘజియాబాద్‌లు ఢిల్లీ సర్కిల్ కిందకే వస్తాయి. కానీ నీ ఫ్యాక్టరీ అమ్మాయి బీహార్ నుంచో బెంగాల్ నుంచో వచ్చి, ఊళ్లో తీసుకున్న సిమ్ముతోనే ఉండొచ్చు. ఢిల్లీ సర్కిల్ నంబర్లకే పరిమితమైతే ఎన్‌సీఆర్‌కి కొత్తగా వచ్చినవాళ్లు నీకు దొరకరు.

ఫోన్ ఎవరిదన్న ప్రశ్న ఇంకా ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019–21 నాటిది, దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 54 శాతం మందికే తాము వాడుకునే మొబైల్ ఉందని చెప్పింది. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్లు మూడోవంతు. మన ఆంధ్రప్రదేశ్‌లో అది 21 శాతం, తెలంగాణలో 26.5. ఐటీ రాష్ట్రాలని గర్వంగా చెప్పుకుంటాం, అప్పటికి మన ఆడవాళ్ల చేతిలో ఇంటర్నెట్ అంత తక్కువ. ఆ తర్వాత పరిస్థితి మారింది నిజమే. కానీ ఫోన్ ఉందా అన్న ప్రశ్నకి 'ఉంది' అనే జవాబుతో తృప్తి పడకు. రాత్రి ఎక్కడ ఉంటుంది, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, రీచార్జి ఎవరు చేయిస్తారు, ఆవిడ లేనప్పుడు ఎవరు తీస్తారు, ఇవి మొదటి ఇంటర్వ్యూలోనే అడుగు. 'ప్రస్తుతం ఫోన్‌లో మాట్లాడేది, నొక్కేది ఎవరు' అన్నది ప్రతి మోతకీ ఒక ప్రశ్నగా పెట్టు. పదేళ్ల కొడుకు అమ్మ తరఫున నొక్కేస్తే నీ సంతోషం స్కేలు మీద అంకెలన్నీ ఆ పిల్లాడివే.

తెర మీద అక్షరాల బదులు గొంతు వినిపించు. నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ పెట్టి అందరికీ అర్థమవుతుందనుకోకు. ఆడవాళ్లని అడిగి చూస్తే ఒక్కో బొమ్మకి ఒక్కో అర్థం చెబుతారు. వాళ్ల నోట వచ్చే మాటలే తీసుకుని స్కేలు కట్టు. ఒక సంగతి చెబుతాను, అది నీ ఎథిక్స్ కమిటీకి కూడా ఉపయోగపడుతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అనుమతి అడిగే నోటీసుని ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలు ఉండాలంది. మైథిలి ఆ షెడ్యూలులో ఉంది, భోజ్‌పురి లేదు. నీ ఫ్యాక్టరీ వాడల్లో భోజ్‌పురి ఎంత వినబడుతుందో నీకే తెలుసు. పరిశోధనకి ఆ చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ చట్టం అడగకపోయినా భోజ్‌పురిలో రికార్డు చేసి వినిపించు. ఆవిడ దేనికి సరేనంటోందో ఆవిడకి తెలియాలి.

లొకేషన్ విషయంలో నా మాట ఖచ్చితంగా విను. రోజంతా జీపీఎస్ తీసుకుంటానని రాశావు. ఎందుకు? ఎక్కడున్నావని అడిగితే ఆవిడే చెబుతుంది కదా. రోజంతా కదలికల గీత చేతిలో ఉంటే, పేరు తీసేసినా ఆ మనిషి ఎవరో కనిపెట్టడం కష్టం కాదు. ఏ అపార్ట్‌మెంటు సొసైటీ గేట్లోకి ఎన్నింటికి వెళ్తుందో తెలిస్తే చాలు. ఆ సొసైటీల్లో చాలావాటిలో ఇప్పటికే గేటు యాప్‌లో ఆవిడ రాకపోకలన్నీ నమోదవుతున్నాయి. నీ దగ్గర ఇంకో నమోదు అక్కర్లేదు. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. ఆ హక్కు నీకెంతో ఆవిడకీ అంతే. జీపీఎస్ తీసెయ్యి.

కొట్టడం, తిట్టడం గురించిన ప్రశ్నలు గంట మోతలో పెట్టకు. 2020లో ఫోన్ సర్వేలు ఒక్కసారిగా పెరిగినప్పుడు ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంలో పరిశోధకుల్ని హెచ్చరించాయి. కొట్టినవాడు పక్కనే కూర్చుని ఉండగా తెర మీద ఆ ప్రశ్న వెలగడం కన్నా ప్రమాదం ఏముంటుంది? ఆ సంగతులు తెలుసుకోవాలంటే మనిషి వెళ్లాలి, గది ఉండాలి, సహాయానికి ఎవరి దగ్గరికి పంపాలో ముందే తెలిసి ఉండాలి.

డబ్బు ఇవ్వడం గురించి నువ్వు తక్కువ రాశావు. ఇవ్వు, సమయానికి ధర కట్టి ఇవ్వు. పలికిన ప్రతి మోతకీ ఇంత అని కాకుండా వారానికి ఇంత అని ఇవ్వు. మోతకి కడితే పనిలో ఉండగా ఫోన్ తీసి మాటపడుతుంది, కొన్నిసార్లు పనే పోగొట్టుకుంటుంది. యూపీఐ అయితే ఎవరి ఖాతాలో పడుతోందో అడుగు. భర్త ఖాతాలో వద్దంటే రీచార్జి చేయించు, లేదా చేతికివ్వు.

యాప్ తయారీకి డబ్బు కట్టే ముందు ఒక పని చెయ్యి. ఒప్పుకున్న నలుగురైదుగురు ఆడవాళ్లతో, వాళ్లు లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఒక్కో రోజు ఉండు. బస్సులో వాళ్ల పక్కనే నిలబడు. కోఠీలోకి రానివ్వకపోతే గేటు దగ్గర కూర్చో. చేతిలో ఒక కాగితం పెట్టుకుని, ఏ నిమిషంలో ఫోన్ మోగితే తీయగలిగేదో, ఏ నిమిషంలో తీయలేదో గుర్తులు పెట్టు. నీ యాప్ ఏ వేళల్లో గుడ్డిదవుతుందో అప్పుడు నీకే తెలుస్తుంది. నీ పరిశోధన గైడు గారు ఆలస్యమవుతుందంటే, ఈ పని చెయ్యకపోతే మూడేళ్ల తర్వాత జరిగే ఆలస్యం ఇంకా పెద్దదని చెప్పు.

పలకని గంటల కోసం రాత్రి ఫోన్ చేసే ఏర్పాటు ఖర్చుతో కూడినదే. బడ్జెట్ సరిపోకపోతే రోజుకి ఆరు మోతలు నాలుగు చెయ్యి, మనుషుల్ని సగం చెయ్యి, ఆ ఫోన్లు మాత్రం తీసెయ్యకు. జవాబు రాని గంటల్ని తీసేస్తామన్న ఆ వాక్యం కొట్టేసి, దాని బదులు వాటిని ఎలా లెక్కలోకి తెస్తావో ఒక పేజీ రాసి, ఎథిక్స్ కమిటీకి ఇచ్చేముందు నాకు పంపు. అప్పటిదాకా సంతకం పెట్టి ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ